ఎడమచేతి గీతలు

“అమ్మా, ఆయన్ని అడుగు. ఆ చీటీ తనే దాచాడా, లేక దానంతటది నడుచుకుంటూ వెళ్ళి రబ్బరుబ్యాండ్ల డబ్బాలో కూర్చుందా?”

కూతురు ఈ మాట అన్నది తండ్రికి మూడడుగుల దూరంలో నిలబడే. మూడు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ తల్లి మీదుగానే పోతున్నాయి, కాలవకి అడ్డంగా గట్టు వేస్తే నీళ్ళు పక్కచేలో పడి తిరిగి వెళ్ళినట్టు.

తల్లి ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

“నేనేం పోస్టాఫీసునా? ఆయన అక్కడే ఉన్నారు. చెవులు కూడా ఉన్నాయి. నువ్వే అడుగు.”

“నేను ఆయనతో మాట్లాడను.”

“మరి ఇప్పుడు చేసిందేమిటి?”

వీధిలో అందరూ నాణేలాయన అని పిలిచే ఆ తండ్రి పేపరు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. పేపరు చదివి చాలాసేపయింది. మొహానికి అడ్డం ఉంటుందని పట్టుకు కూర్చున్నాడు.

“భూతద్దం ఇచ్చి పెంచాను,” అన్నాడు భార్యతో. “తండ్రిని కూడా అందులోంచే చూస్తుందనుకోలేదు.”

“ఇచ్చింది తప్పా, చూసింది తప్పా అడుగమ్మా.”

ఇచ్చింది ఆయనే. పదేళ్ళ పిల్లని స్టూలెక్కించి, కంటికి లెన్సు ఆనించి, నాణేన్ని అంచులతో ఎలా పట్టుకోవాలో, దీపం కింద ఎంత నెమ్మదిగా తిప్పాలో నేర్పాడు. ఇప్పుడు దుకాణంలో సగం పని ఆ పిల్లదే. నాణేలు తూచేదీ, ఫొటోలు తీసేదీ, నాణేల్ని పరీక్షించి అంకె వేసే గ్రేడింగ్ కంపెనీలకి పార్సెళ్ళు కట్టేదీ తనే. మొన్న శుక్రవారం ఒక పార్సెల్ కోసం రబ్బరుబ్యాండ్ల డబ్బా బోర్లిస్తే అడుగున ఆ చీటీ కనపడింది.

ఒక గ్రేడింగ్ కంపెనీ రాసిన వేలెడు చీటీ. ‘ఓడ బొమ్మ, వెండి. నాణెం నిజమైనదే. తోమిన గుర్తులున్నాయి. గ్రేడు ఇవ్వలేము.’

ఆ ఓడ నాణేన్ని కూతురు ఎరుగును. పోయినేడు తండ్రి స్నేహితుడు సర్వేయరు గారికి అమ్మేముందు ఫొటో తీసింది తనే. అప్పుడది వేరే కంపెనీ వాళ్ళ గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, డెబ్బైకి అరవై రెండు అన్న అంకెతో, ఏ వంకా లేకుండా కూర్చుని ఉంది. చీటీ మీదా పెట్టె మీదా రెండు మాటలు. నాణెం మాత్రం ఒకటే.

“ఎన్నిసార్లు పంపాడో అడుగమ్మా.”

“ఎన్నిసార్లు పంపారండీ?” అంది తల్లి, కూరల ధర అడిగినట్టు.

“మూడు.”

ఆ జవాబు అంత తేలిగ్గా వస్తుందని కూతురు అనుకోలేదు.

“మొదటిసారి తోమారని చీటీ రాసి పెట్టెలో మూసి పంపారు,” అన్నాడు ఆయన. “పెట్టె అంచు పట్టకారుతో నొక్కి, పగలగొట్టి, నాణెం బయటికి తీసి మళ్ళీ అక్కడికే పంపాను. అదే మాటన్నారు. మళ్ళీ పగలగొట్టి ఇంకో కంపెనీకి పంపాను. వాళ్ళు అరవై రెండిచ్చారు. ఇందులో నేను చెక్కిందేమన్నా ఉందా, అంటించిందేమన్నా ఉందా? చూసేవాళ్ళూ మనుషులే. పొద్దున ఒకలా కనపడుతుంది, సాయంత్రం ఒకలా. ఈ పని చెయ్యని దుకాణం ఏదో చూపించమను.”

“డాక్టర్లు మారినట్టా?” అంది తల్లి.

“అదే. రెండో డాక్టరు ఏం లేదన్నాడు.”

“రెండుసార్లు ఉందన్నాక మూడోసారి లేదన్నారు,” అంది కూతురు. మాట తిన్నగా తండ్రికే తగిలింది. గట్టు ఎప్పుడు తెగిందో తనకే తెలియలేదు. “సర్వేయర్ మావయ్యకి మూడోసారి మాట ఒక్కటే చూపించావు. ఆ మొదటి రెండు మాటలూ డబ్బాలో పడేశావు. అలాంటప్పుడు ఈ చీటీ పారెయ్యకపోయావా నాన్నా? ఎందుకు దాచావు?”

ఆయన దగ్గరున్న జవాబు చెప్పుకునేలా లేదు. పారేస్తే మోసం అవుతుందని, దాస్తే తప్పు మాత్రమే అవుతుందని అనిపించింది ఆ రోజు. మనిషి తనకి తాను ఇచ్చుకునే రాయితీలు ఇలాగే ఉంటాయి.

“మావయ్య నిన్నేమీ అడగలేదా?” అంది కూతురు.

“అడిగాడు.”

“ఏమని?”

“గ్రేడింగుకి ఒక్కసారే వెళ్ళిందా అని.”

“నువ్వేమన్నావు?”

నాణేలాయన పేపరు ఇంకో మడత పెట్టాడు. “మీకు తెలీకుండా నేనేం చేస్తాను బావగారూ అన్నాను.”

గదిలో కత్తి చప్పుడొక్కటే వినపడుతోంది. అబద్ధం చెప్పకుండా అబద్ధం ఆడటం ఎలాగో ఆ ఒక్క మాటలో ఉంది. ఆ రోజు సర్వేయరు గారు నవ్వి, ఆయన భుజం తట్టి, డబ్బిచ్చి వెళ్ళాడు. తట్టిన భుజం వారం రోజులు బరువుగానే ఉంది. తరవాత మామూలయిపోయింది.

“నాకొకటి అర్థం కాదు,” అంది తల్లి. “తోమితే మాత్రం ఏమవుతుంది? మకిలి పోయి తేటపడుతుంది. ఇంట్లో గిన్నెలు తోముకోమా?”

“గిన్నె కాదమ్మా అది. నాణెం అచ్చు పడ్డప్పుడు పైన ఒక మెరుపు పొర ఉంటుంది, మనిషికి చర్మంలా. తోమితే అదే పోతుంది. మెరుస్తుంది గానీ ఆ మెరుపు వేరు. అరవై రెండో గ్రేడు నాణెం ధరలో సగానికి కూడా పోదు.”

“సగానికి కూడానా?”

“పోదు. ఎన్నాళ్ళయినా అది తిరిగి రాదు. పైన రంగు పట్టి కప్పేస్తుందంతే.” కూతురు ఫోన్ తీసింది. “నిన్న ఆ పాత ఫొటో పెద్దది చేసి చూశాను. పక్కనుంచి వెలుతురు పడేలా తీసిందొకటి ఉంది. ఓడ తెరచాప పక్కన ఖాళీలో చూడు, వెంట్రుకల్లాంటి గీతలు. వందలున్నాయి. అన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. మామూలుగా ఇటు వంగుతాయి. ఇవి అటు. మన దగ్గరికి రాకముందు ఎవడో ఎడమచేతివాటం వాడు...”

“ఇక చాలు,” అన్నాడు తండ్రి.

ఆ మూడు రోజుల్లో ఆయన గొంతు పెంచింది అప్పుడే.

కత్తి చప్పుడు ఆగింది.

తల్లి తన చేతికేసి చూసుకుంది. కత్తి ఎడమచేతిలో ఉంది. ఎప్పుడూ అందులోనే ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఎన్ని చెప్పినా ఆ చెయ్యి మారలేదు.

“ఏమండీ.”

ఆయన పేపరు మడత విప్పాడు.

“మనం మొదట కాపురం పెట్టిన గదిలో బీరువా అడుగున ఒక నల్ల గుడ్డ మూట ఉండేది. మీరు ఊరెళ్ళినప్పుడు తీశాను. అందులో పన్నెండు నాణేలున్నాయి. నల్లగా, మసిబారి. మన పేదరికానికి అవి కూడా మాడిపోయాయేమో అనుకున్నాను.” ఆవిడ ఆగింది. “అందులో ఓడ ఉందా?”

“వదిలెయ్.”

“ఉందా?”

“ఉంది.”

కూతురు ఒకసారి తల్లినీ ఒకసారి తండ్రినీ చూసి, చేతిలో ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టింది. ఆలస్యమైపోయింది.

ఆ కథ కూతురికి కొత్తది కాదు. ఇంటికి ఎవరొచ్చినా తల్లి చెప్పేదే. ‘ఈయన నాణేలు మొట్టమొదట తోమింది నేనే. పళ్ళపొడీ పాత మేజోడూ పెట్టి మధ్యాహ్నం మొదలుపెడితే దీపాల వేళయింది. వేళ్ళు పొక్కిపోయాయి. ఈయనొచ్చేసరికి పళ్ళెంలో పరిచి పెట్టాను, చుక్కల్లా ఉన్నాయి. చూసి బాగా మెరుస్తున్నాయన్నారు. ఆ రోజు రెండుసార్లు వడ్డించుకు తిన్నారు.’ విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. కూతురు లెన్సు పట్టాక కూడా ఆ కథని నాణేలతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మ కథ అమ్మ కథలాగే ఉండిపోయింది.

“కడుపునొప్పి అని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు మీరు,” అంది తల్లి. “నా వంటేమో అనుకున్నాను.”

“వంట బాగానే ఉంది.”

“ఆ పన్నెండూ ఏమయ్యాయి?”

“పదకొండు వెండి కింద తూకానికి ఇచ్చేశాను. ఇది ఇవ్వబుద్ధి కాలేదు. కాయితం కవర్లో వేసి కిటికీ పక్కన పెట్టాను. ఏళ్ళు గడిచాక రంగు తిరిగింది. వాన వెలిశాక రోడ్డు మీద నూనె చుక్క ఉంటుందే, ఆ నీలం, ఆ ఎరుపు. చూసి మానిపోయిందనుకున్నా.”

“వెండి మానదని మాకు చెప్పింది నువ్వే నాన్నా,” అంది కూతురు, ఈసారి నెమ్మదిగా.

“ఔను. చెప్పడం వేరు.”

తల్లి తరిగిన ఉల్లిపాయల్ని ఒక పక్కకి కుప్పచేసింది. మళ్ళీ విడదీసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. ఉల్లిపాయల వల్లే అనుకోవడానికి ఆ గదిలో ముగ్గురికీ వీలుగా ఉంది.

“ఆ పూట తిట్టి ఉంటే అయిపోయేది,” అంది. “ఏడ్చేదాన్ని. రెండు రోజులు అలిగి మూడో రోజు మామూలయ్యేదాన్ని. ఇరవై మూడేళ్ళ నుంచీ వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పుకుంటున్నాను. మీరు పక్కన కూర్చుని నవ్వారు. ఒక్కసారయినా ఆగమని చెప్పలేదే.”

“నీ వేళ్ళు చూశాను. పొక్కి ఉన్నాయి. ఆ వేళ్ళు చూస్తూ ఏం చెప్పమంటావు?”

“అందుకని ఆ రోజు చెప్పలేదు, సరే. మర్నాడు చెప్పకూడదా? పదేళ్ళ తరవాత చెప్పకూడదా? పోనీ, సర్వేయరు అన్నయ్యగారికి అమ్మే రోజున?”

“ఆయనకి చెబితే నీకు చెప్పినట్టే కదా.”

ఆ మాట అన్నాక ఆయనకే అది ఎంత దూరం వచ్చిందో తెలిసింది. ఒక కొత్త పెళ్ళికూతురి మనసు నొప్పించకూడదని మూసిన నోరు. అదే నోరు ఒక స్నేహితుడి దగ్గర డబ్బు తీసుకుంది. మధ్యలో ఎక్కడ దారి తప్పిందో వెనక్కి వెళ్ళి వెతికినా కనపడేలా లేదు. ప్రతి అడుగూ అప్పటికి సరిగ్గానే పడింది.

“నాకోసమని చెప్పకండి,” అంది భార్య. “నా పేరు మీద వెయ్యకండి దాన్ని. నేను తోమింది తెలీక. మీరు అమ్మింది తెలిసి.”

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. ఆవిడ పక్కకి జరిగింది.

“ఆ అన్నయ్యగారికి ఫోన్ చెయ్యండి. సాయంత్రం రమ్మనండి. నా చేత్తో చేసింది నా నోటితో చెప్పుకుంటాను. ఆ ఓడ వెనక్కి తీసుకుని ఆయన డబ్బు ఆయనకిచ్చేద్దాం. దుకాణంలో ఏమి అమ్ముతారో మీ ఇష్టం.”

నాణేలాయన లేచి ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడి నంబరు నొక్కడానికి ఆయనకి పట్టిన సమయంలో ఒక చిన్న చేను దున్నెయ్యొచ్చు.

*

సర్వేయరు గారు నాలుగింటికే వచ్చాడు. కుడి మోకాలు వంగదు. అయినా గుమ్మం ముందు మూడు మెట్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే ఎక్కుతాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొహం కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది.

“చెల్లెమ్మా, నువ్వు పిలవకపోయినా ఈరోజు వద్దామనే అనుకున్నాను. ఏమే భూతద్దం, చిక్కిపోయావేమిటి? మీ నాన్న తిండి కూడా గ్రేడు చూసి పెడుతున్నాడా?”

కూతురు నవ్వడానికి ప్రయత్నించింది.

కుర్చీలో కూర్చుంటూనే గది నాలుగు మూలలా చూశాడు. నలభై ఏళ్ళు గొలుసు పట్టుకుని భూములు కొలిచిన మనిషి. ఎక్కడికెళ్ళినా ముందు గోడలని పలకరిస్తాడు.

“ఇల్లు కొన్నాం,” అన్నాడు.

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంతోషంలో ఆయన అది గమనించలేదు.

“చిన్నదే. రెండు గదులు, వెనక నాలుగడుగుల పెరడు. కానీ కింద భాగం. పధ్నాలుగు నెలలయింది మీ వదిన మూడో అంతస్తు దిగి. ఆస్పత్రికి తప్ప. అది కూడా ఇద్దరు మనుషులు కుర్చీలో మోసుకు దిగితే. ఇప్పుడు గుమ్మంలోంచి తిన్నగా మట్టి మీద కాలు పెడుతుంది. నిన్న తీసుకెళ్ళి చూపించాను. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది, పొద్దుపోయేదాకా లేవనంది. ఏముందక్కడ అంటే, ఏం లేదు, కింద ఉన్నాను అంది.”

తల్లి కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చింది.

“గోడలన్నీ నేనే కొలిచాను. ఒక్క మూల రెండు వేళ్ళు తప్పింది. కట్టినవాణ్ణి పిలిచి చూపిస్తే, అయ్యా ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు అన్నాడు. నాకు కనపడింది కదా నాయనా అన్నాను.” గ్లాసు ఊదుకుంటూ నవ్వాడు. “రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.”

“డబ్బు...” అన్నాడు నాణేలాయన.

“నీ చలవే బావా. నా నాణేల సెట్టు మొత్తం అమ్మేశాను.”

కూతురు గోడకి ఆనుకుంది.

“పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ. కొత్తగా మొదలుపెట్టింది పాపం, నాణెం బొమ్మ ఏదో బొరుసు ఏదో కూడా ఇంకా తడుముకుంటోంది. కానీ ఇష్టం ఉంది. సెట్టులో ఓడ ఉంటేనే తీసుకుంటానంది. ఓడ కోసమే మిగతావి తీసుకుంది అనుకో. నాకు తెలిసినంతలో వీటి మీద మరమ్మతు గానీ తోమడం గానీ జరగలేదని కాయితం రాసివ్వమంది. రాసి సంతకం పెట్టాను. అందులో ఆలోచించేదేముంది? ముఖ్యమైనవన్నీ నీ దగ్గర కొన్నవే.”

నాణేలాయన నోరు తెరిచాడు. “బావగారూ, ఆ ఓడ విషయం...” అక్కడ ఆగిపోయింది.

తల్లి చెంగు సర్దుకుంది. “నేను చెబుతాను అన్నయ్యగారూ. మిమ్మల్ని పిలిపించింది నేనే.”

చెప్పింది. నల్ల గుడ్డ మూట, పళ్ళపొడి, మేజోడు, పొక్కిన వేళ్ళు. ఇన్నేళ్ళూ నవ్వుతూ చెప్పిన కథని మొదటిసారి నవ్వకుండా చెప్పింది. అదే కథ, అవే మాటలు. కానీ సగంలో సర్వేయరు గారు గ్లాసు కింద పెట్టేశాడు.

“ఆ పన్నెండిట్లో ఓడ కూడా ఉందట,” అని ఆవిడ ముగించింది. “మీకమ్మింది అదే.”

ఆయన చాలాసేపు తన వంగని మోకాలినే చూసుకున్నాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మొహం మీద ఇస్త్రీ నలిగిపోయింది.

“నేను సంతకం పెట్టినప్పుడు అది నిజమే,” అన్నాడు చివరికి. ఎవరితో అన్నాడో తెలియలేదు. “నాకు తెలిసినంతలో అని రాశాను. నాకు తెలిసినంతలో నిజమే.”

“బావగారూ, తప్పంతా నాది. నేను...”

సర్వేయరు గారు అరచెయ్యి ఎత్తాడు, ట్రాఫిక్ పోలీసులా. “నువ్వాగు బావా. నేను చెల్లెమ్మని అడుగుతున్నాను.”

ఆవిడ వైపు తిరిగాడు.

“అమ్మా, ఇరవై మూడేళ్ళ కిందటి మాట. ఆ తరవాత మీ ఆయన చేతుల మీదుగా ఇలాంటి ఓడలు ఎన్ని వచ్చుంటాయి, ఎన్ని పోయుంటాయి. అచ్చు ఒకటే, బొమ్మ ఒకటే. నాకు అమ్మింది నువ్వు తోమినదే అని నువ్వు చెప్పగలవా? నీ కంటితో చూసి, ఇదే అని?”

అడిగిన పద్ధతి కొలతదారుడిదే. కానీ గొలుసు ఎక్కడ పడితే అక్కడ వెయ్యలేదు. నాణేలాయనని అడగలేదు. అక్కడ జవాబు ఉందని తెలిసే అడగలేదు. కూతురి చేతిలో ఫోన్ ఉంది, అందులో ఫొటో ఉంది. అటు చూడను కూడా లేదు.

నాణేలాయన భార్య మొహం చూశాడు. ఏమి చెబుతుందో చూస్తున్నాననుకున్నాడు. కాదు. చెప్పలేను అని చెప్పమని లోపల ఎవరో ఆవిడని బతిమాలుతున్నారు. ఆ గొంతు తనదే. పొద్దుట ఫోన్ చేసినప్పుడు నిజం బయటపడితే ప్రాణం తేలికపడుతుందనుకున్నాడు. తీరా అది గుమ్మం దాకా వస్తే, తలుపు చాటున నిలబడి వెళ్ళిపొమ్మంటున్నాడు.

తల్లి తన ఎడమచేతిని కుడిచేత్తో కప్పుకుంది.

పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆవిడని ఈవిడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. పాదాలు మట్టికి ఆనించి, పొద్దుపోయినా లేవనంటున్న మనిషిని.

“ఖచ్చితంగా చెప్పలేనండి,” అంది.

సర్వేయరు గారి ఊపిరి అందరికీ వినపడింది.

“అదీ మాట. చెప్పలేనిదాన్ని చెప్పకూడదు. మనసులో ఏదో ఉంటుంది, నిజం అనిపిస్తుంది. అనిపించిందల్లా నిజమా?” లేచాడు. లేవడానికి ఎప్పుడూ రెండు ప్రయత్నాలు కావాలి, ఈసారి ఒక్కదానికే లేచాడు. “గృహప్రవేశాలూ అవీ ఏం పెట్టుకోలేదు. వీలు చూసుకుని మీరే రండి. మీ వదిన సంతోషిస్తుంది.”

“కాఫీ మిగిలిపోయింది మావయ్యా,” అంది కూతురు.

“చల్లారిపోయిందమ్మా.”

మూడు మెట్లూ దిగాడు. గేటు చప్పుడైంది.

కూతురు తల్లికేసి చూసింది. పొద్దుట నుంచీ తన పక్కన నిలబడిన మనిషి ఈవిడేనా అన్నట్టు.

“అమ్మా, నీకు తెలుసు. ఆ గీతలు చూశావు.”

“చూశాను.”

“మరి?”

“వాళ్ళావిడ పధ్నాలుగు నెలలు మెట్లు దిగలేదు.”

“ఆ డాక్టరమ్మ? ఆవిడకేం తెలుసమ్మా? రేపు ఆవిడ ఇంకొకరికి అమ్ముతుంది. ఆవిడ కూడా సంతకం పెడుతుంది.”

తల్లి కాఫీ గ్లాసు తీసి వంటింట్లోకి వెళ్ళింది. పంపు తిప్పిన చప్పుడు వినపడింది. గ్లాసు కడుగుతోంది. ఒక గ్లాసు కడగడానికి అంత సేపు పట్టదు.

నాణేలాయన అక్కడే నిలబడ్డాడు. ఆ ఇంట్లో అబద్ధం తెలియని మనిషి ఆవిడ ఒక్కతే. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం చూసి జాలిపడి, ఒక చిన్న మాట మింగేసింది. ఎలా మింగాలో ఆయనకి తెలుసు. మొదట గొంతులో ఏమీ తెలియదు. అది దిగేదీ, అక్కడే ఉండిపోయేదీ తరవాత. ఇరవై మూడేళ్ళు దాచి ఆవిణ్ణి కాపాడాననుకున్నాడు. కాపాడి కాపాడి తన పక్కకే తెచ్చుకు కూర్చోబెట్టాడు.

వంటింట్లో పంపు ఇంకా పారుతోంది.

ఆయన గుమ్మం దాటి మెట్ల మీదకి వచ్చాడు.

“బావగారూ, ఒక్క నిమిషం.”

సర్వేయరు గారు నాలుగిళ్ళ అవతల ఉన్నాడు. వెనక్కి తిరగలేదు.

“బావగారూ, మీకమ్మింది ఆ ఓడే. నాకు తెలుసు.”

ఎదురింటి కిటికీలోంచి ఎవరో తొంగి చూశారు. మాట అంత గట్టిగానే వెళ్ళింది. సర్వేయరు గారి మెడ కొంచెం బిగుసుకుంది. ఆయనకి చెవుడు లేదు. వంగని కాలు ఈడ్చుకుంటూ, ఆ వీధిలో ఎప్పుడూ నడవనంత వేగంగా నడవడం మొదలుపెట్టాడు.

నాణేలాయన ఒక చెప్పులో కాలు పెట్టాడు. రెండోది తలకిందులుగా పడి ఉంది. వేలితో తిప్పబోయి ఆగాడు. పరిగెడితే అందుకోగలడు. అందుకుని చెయ్యి పట్టుకుని ఆపి, ఆ మనిషి చెవిలో చెప్పాలి. చెప్పాక ఆ కొత్త ఇంటి గుమ్మంలోకి ఆయన ఏ మొహంతో వెళ్ళాలో అది కూడా చెప్పాలి.

వెనక కూతురు వచ్చి నిలబడింది. తండ్రి మొహం చూడలేదు. వీధి చివరికే చూస్తోంది.

“ఇంకా మలుపు తిరగలేదు నాన్నా,” అంది.